ఎత్తి కొట్టుకున్న మందు

మా అమ్మ ఏ చెంబుకూ పెదవి తగలనిచ్చేది కాదు. నీళ్లయినా మజ్జిగయినా ఎత్తి పోసుకోవాల్సిందే. శంషాబాద్ పక్కన మా ఊళ్లో ఎంగిలి పట్టింపు అంతగా ఉండేది. విమానాశ్రయం తెరిచిన ఏడాదే ఆమెకు ఆయాసం పట్టుకుంది. రోడ్డు మీది ప్రైవేటు దవాఖానలో డాక్టరు పీల్చే పంపు రాసిచ్చాడు. అమ్మ దాన్నీ చెంబులాగే ఎత్తి, తెరిచిన నోటికి జానెడు దూరం నుంచి కొట్టుకునేది. మందంతా గాలిలో కలిసిపోయేది. మా ఇంట్లో అది ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటే ఆయాసం వస్తుందనీ, మందు దాన్ని సడలిస్తుందనీ డాక్టరు చక్కగా వివరించాడు. ఎలా పీల్చాలో మాత్రం చెప్పలేదు. అంత పెద్ద చదువుకు ఆ చిన్న మాట బరువైందేమో!

పంపుతో తగ్గడం లేదని మాత్రలు మొదలుపెట్టాడు. మింగిన మందు గొట్టాల దగ్గరే ఆగదు కదా. ఒళ్లంతా తిరిగి రక్తనాళాలనూ సడలిస్తుంది, గుండె దడ పుట్టిస్తుంది. అమ్మ చేతులు వణికేవి. పాలు పితకబోతే పట్టు దొరికేది కాదు. చివరికి ఆయన, గడ్డి దుమ్ము పడటం లేదు, బర్రెల్ని అమ్మేయమన్నాడు. ఆ రెండు బర్రెలే అమ్మ లోకం. చాలా రోజులు ససేమిరా అంది. ఊపిరాడక, మా పోరు పడలేక ఒప్పుకుంది. మైలార్‌దేవ్‌పల్లి వ్యాపారి వాటిని ట్రాలీ ఎక్కిస్తుంటే లోపలికి పోయి తలుపేసుకుంది.

తర్వాత కొద్దిరోజులకే, డాక్టరు ఎదుట కూర్చుని ఉండగా ఆయాసం ఎక్కువై అమ్మ పంపు తీసింది. ఎప్పటిలాగే ఎత్తి కొట్టుకుంది. ఆయన పకపకా నవ్వాడు.

"అదేమిటమ్మా, నీళ్లు పోసుకున్నట్టు? పెదాలతో గట్టిగా పట్టుకుని లోపలికి పీల్చాలి."

తలుపు దగ్గర నిలబడ్డవాళ్లూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వును ఈనాటికీ క్షమించలేదు.

అమ్మ తల వంచుకుని పంపును కొంగుతో తుడిచింది. మొదటిసారి పెదవుల మధ్య పెట్టుకుని పీల్చింది. కాసేపటికి ఛాతీలో పిల్లికూతలు తగ్గాయి. నిండుగా ఊపిరి తీసుకుని, వదిలి, ఆయన ముఖంలోకి చూసింది.

"గింతేనా సారూ? మరి నా బర్రెల్ని ఎందుకు అమ్మిచ్చిన్రు?"

ఆయన గంట నొక్కి తర్వాతి పేషెంటును రమ్మన్నాడు.