ఒకటో తారీఖు డబ్బు

ఇరవయ్యేళ్ళు మెస్సు నడిపిన మనిషికి కిలో బియ్యం ధర తెలియదంటే ఎవరూ నమ్మరు. మా నాన్నకి తెలియదు. ఆయన సైన్యంలో జవాన్ల మెస్సు చూసుకునే హవల్దారు, చివరి కొన్నేళ్ళు ఢిల్లీ కంటోన్మెంటులో. అక్కడ బియ్యం కొనే పని లేదు. లారీ వస్తుంది, బస్తాలు దించుతారు, సంతకం పెడితే సరిపోతుంది. ఆ తర్వాత ఆయన పనల్లా వండించడం, అందరికీ కడుపునిండా పెట్టించడం. ఆ పని ఆయన చాలా బాగా చేసేవాడు. అదే మా కొంప ముంచింది.

ఎనభైల మొదట్లో రిటైరయ్యాక, చేతికొచ్చిన డబ్బంతా పోసి ఢిల్లీలోనే మునిర్కాలో తెలుగు మెస్సు పెట్టాడు. కింద రెండు గదుల్లో మెస్సు, పైన ఒక గదిలో మేము. నేను అప్పుడే కాలేజీలో చేరాను. మెస్సు నిలబడితేనే మేం ఢిల్లీలో నిలబడతాం. అది అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. నాన్నకి మాత్రం అసలు ఆ అనుమానమే లేదు. సివిల్ సర్వీసు పరీక్షలకి చదివే కుర్రాళ్ళు, యూనివర్సిటీ విద్యార్థులు, పక్కనే రామకృష్ణాపురం ప్రభుత్వ క్వార్టర్లలో ఒంటరిగా ఉండే గుమాస్తాలు, అందరూ మొదటి వారంలోనే వచ్చి చేరారు.

సైన్యంలో లాగే నెల మొదట్లోనే అందరూ డబ్బు కట్టాలని పద్ధతి పెట్టాడు. ఒకటో తారీఖున ఆ నోట్లన్నీ మంచం మీద పరిచి అమ్మని పిలిచాడు.

"సూసావా? నా పింఛను ఎన్నాళ్ళు కూడబెడితే ఇంత అవుద్ది?"

"ఇంకా పొయ్యి ఎలిగించలేదు కదండీ," అంది అమ్మ.

"ఎలిగిస్తాం. దానికేటి?"

ఆ వారంలోనే పాత ఫ్రిజ్ ఒకటి కొన్నాడు. ఆదివారం కోడికూర, రోజూ నెయ్యి, అడిగినవాడికి అడిగినంత పెరుగు. ఇరవయ్యో తారీఖు దాటేసరికి పప్పులో నీళ్ళు ఎక్కువయ్యేవి. వీధి చివర కిరాణా కొట్టు లాలా దగ్గర అరువు మొదలయ్యేది. మళ్ళీ ఒకటో తారీఖు వచ్చిందంటే అందులో సగం లాలాకే పోయేది. అయినా ఆ పూట నాన్న ముఖం వెలిగిపోయేది. ఆ డబ్బు ముప్పై రోజుల పాటు మేం పెట్టాల్సిన అన్నమని, ఇంకా మనది కాలేదని ఆయన బుర్రకి ఎక్కలేదు. జేబులోకి వచ్చింది కాబట్టి మనదే అనుకున్నాడు.

పైగా తినని రోజులకి డబ్బు తగ్గించే అలవాటొకటి. సైన్యంలో జవాను సెలవు మీద వెళితే అతని రేషను ఆగుతుంది. నాన్న ఆ లెక్కే పట్టుకొచ్చాడు.

"వారం ఊరెళ్తున్నా అంకుల్, కట్ చేసుకోండి," అనేవాడు ఎవడో ఒకడు.

"అచ్ఛా, ఠీక్ హై బాబూ. ఎల్లి రా."

అమ్మ వంటింట్లోంచే అరిచేది. "ఆ బాబు ఊరెలితే మన గది కూడా ఊరెల్తాదేటి? అద్దె ఎవులిస్తారు?"

నాన్న నవ్వేసేవాడు. నాకు ఆ నవ్వంటే ఒళ్ళు మండేది. నిజం చెప్పాలంటే తినేవాళ్ళ మీద కూడా మండేది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చేయి కడుక్కుంటూ "అంకుల్, మా ఇంట్లో కూడా ఇలా తినలేదు" అనేవారు. మెచ్చుకోవడానికి వాళ్ళకేం ఖర్చు? ఆ మాటకి నాన్న మర్నాడు ఇంకో కూర చేయించేవాడు.

వేసవి సెలవులకి కుర్రాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోయారు. బల్లలు ఖాళీ. అద్దె మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. లాలా అరువు ఆపేశాడు. ఇంటి యజమాని రోజూ గుమ్మంలో మంచం వేసుకుని కూర్చుని హుక్కా తాగేవాడు. మావైపే చూసేవాడు. అప్పుడు నాన్నకి ఒక ఆలోచన వచ్చింది. జూలైలో వచ్చినవాళ్ళు మూడు నెలల డబ్బు ఒకేసారి కడితే కొంత తగ్గిస్తానన్నాడు. ఆయన్ని నమ్మి చాలామంది కట్టారు. ఆ డబ్బు పట్టుకుని తిన్నగా ఇంటి యజమాని దగ్గరికీ, అక్కణ్ణించి లాలా దగ్గరికీ వెళ్ళి, బాకీలు తీర్చి, ఖాళీ చేతులతో హుషారుగా మెట్లెక్కి వచ్చాడు.

"ఇక మనం ఎవులికీ బాకీ లేం," అన్నాడు.

"కింద తినేవోళ్ళందరికీ ఉన్నాం," అంది అమ్మ. "మూడు నెలలు దేంతో వండాలి?"

నాన్న అలాగే మంచం మీద కూర్చుండిపోయాడు. ఆ ముఖం చూసి నా కోపమంతా భయమైపోయింది.

ఆగస్టు అద్దె కట్టలేకపోయేసరికి ఇంటి యజమాని కింది గదులు ఖాళీ చేయమన్నాడు. ఫ్రిజ్, బల్లలు, పెద్ద గిన్నెలు సగం ధరకి పోయాయి. డబ్బు కట్టినవాళ్ళలో ఒకడు వీధిలో నిలబడి నాన్నని మోసగాడన్నాడు. నాన్న లోపల గోడవైపు తిరిగి పడుకుని అంతా విన్నాడు. చాలామంది ఏమీ అనకుండా రావడం మానేశారు. మిగిలినవాళ్ళకి సెప్టెంబరు ఆఖరుదాకా మా గదిలోనే వండి పెడతానంది అమ్మ. వసంత్ కుంజ్ వైపు ఫ్లాట్లు కడుతుంటే నాన్న అక్కడ చౌకీదారుగా చేరాడు. ఆయన తెచ్చిన కూలి డబ్బుతో బియ్యం, ఆ బియ్యంతో ఎప్పుడో డబ్బు కట్టినవాళ్ళకి భోజనం. మేం వాళ్ళందరూ తిన్నాక తినేవాళ్ళం.

సెప్టెంబరు ఆఖరి రోజుకి ఒక్క కుర్రాడే మిగిలాడు, పరీక్షకి చదువుకుంటున్న గుంటూరు అబ్బాయి. తిని చేయి కడుక్కుని జేబులోంచి నోట్లు తీశాడు. "అక్టోబరుకి అంకుల్. ఆంటీ చేతి అన్నం అలవాటైపోయింది," అన్నాడు.

నాన్న చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. "వద్దు బాబూ. నీ డబ్బు నీకాడే ఉంచుకో."

ఆ అబ్బాయి వెళ్ళిపోయాడు. అమ్మ నాన్నకి వడ్డించింది. ఆయన అన్నంలో చేయి పెట్టకుండా కంచం వైపు చూశాడు.

"ఈ బియ్యం కిలో ఎంత పడిందే?" అన్నాడు.

అమ్మ చెప్పింది. సగం తిని లేచిపోయాడు.

ఆ రోజు మొదలు బతికినన్నాళ్ళూ కంచం ముందు కూర్చోగానే అడిగేవాడు, వంకాయలెంత, నూనెంత, పాలెంత అని. ఆయనకి ఆకలి తెలుసు, ఇరవయ్యేళ్ళు దాన్ని తీర్చాడు. ఇప్పుడు ధర తెలిశాక ముద్ద దిగేది కాదు. అందుకని అమ్మ ఎప్పుడూ తగ్గించి చెప్పేది. ఉన్నదున్నట్టు చెబితే రెండోసారి వడ్డించుకునేవాడు కాదు.