కళ్లజోడు పూజలో, నేను బండి కింద

మనిషికి అరవై నిండితే పీటల మీద కూర్చోబెట్టి నెత్తిన నీళ్లు పోస్తారు. మోటారు బండికి పద్దెనిమిదేళ్లు నిండితే ఏం చేయాలో ఏ పంచాంగంలోనూ లేదు. ఆ రెండూ మా ఇంట్లో ఒకే ఏడాది జరిగాయి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అది. నా నెత్తిన నీళ్లు మా వాళ్లు పోశారు. బండి రేడియేటర్లో నీళ్లు నేను పోశాను. ఇద్దరమూ కారాము.

కడపలో పత్తి మిల్లు ఇంజను చూసుకుంటూ ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. ఊరు వదిలి పోతున్న ఒక దొర దగ్గర ఆ బండి కొన్నాను. గుడ్డ టాపు, ఇనుప చట్రం, రబ్బరు బుడగ నొక్కితే మేకలా అరిచే హారను. కొన్న రోజు నుంచి దాని ఒంటి మీద వేరొకరి చేయి పడనివ్వలేదు. చెడగొట్టింది నేనే, బాగుచేసింది నేనే, కాబట్టి మా మధ్య తగువు బయటికి పొక్కేది కాదు.

నలభైల్లో బండి కింద దూరడానికి నాకు ఒక్క ఊపు చాలు. యాభై దాటాక అది మూడు విడతలయింది. ముందు మోకాళ్లు, తర్వాత మోచేతులు, ఆ తర్వాత దేవుడు. బండి బోల్టులు ఏటేటా వదులయ్యాయి, నా కీళ్లు ఏటేటా బిగుసుకున్నాయి. ఆ బిగువు కొంచెం దానికిచ్చి, ఆ వదులు కొంచెం నేను తెచ్చుకుంటే ఇద్దరికీ బాగుండేది. ఇక కళ్ల సంగతి. స్క్రూ కనపడాలంటే చేయి బారెడు చాచి పట్టుకోవాలి. బండి కింద బారెడు చోటు ఉండదు. అందుకని కళ్లజోడు పెట్టుకుని దూరేవాణ్ణి. దాని మీద ఒక ఆయిలు చుక్క పడేది. ఇక ఆ పూటకు కళ్లజోడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఆ ఏడు ఎండాకాలంలో హ్యాండిలు నన్ను కొట్టింది. బండి మూతిలో ఇనుప హ్యాండిలు దూర్చి గట్టిగా తిప్పితేనే ఇంజను లేచేది. ఒక్కోసారి ఇంజను కోపమొచ్చి హ్యాండిలును ఎదురు తిప్పేది. పడుచుతనంలో చేయి వెంటనే వెనక్కి తీసుకునేవాణ్ణి. ఈసారి తీసుకోవాలని అనుకునేలోపు మణికట్టు వాచిపోయింది. నా భార్య పసుపూ ఉప్పూ నూరి పట్టు వేసింది. కట్టు కట్టడం అయ్యాక, ముడి బిగిస్తూ చెప్పింది.

“ఇంగొక్కసారి నీ చేత కాలేదని నాకు తెలిసిందనుకో, బండి సాయిబు షెడ్డుకు పోవాల. ఆ పొద్దు నుంచి నువ్వు స్పానరు ముట్టకూడదు. ఒప్పుకుంటావా?”

చేయి ఆమె చేతిలో ఉంది. ముడి ఇంకా బిగుస్తోంది. ఒప్పుకున్నాను.

సాయిబు ఎవరో చెప్పాలి. మిల్లులో నా పక్కనే పనిచేసి, తర్వాత రైలు స్టేషను దారిలో మోటార్ల షెడ్డు పెట్టుకున్నాడు. నాకంటే ఏడాది చిన్న. నన్ను అన్నా అనీ, నా భార్యను వదినమ్మా అనీ పిలుస్తాడు. నా బండికి అతని చేయి ఎన్నడూ తగల్లేదని నేను ఊరంతా చెప్పుకునేవాణ్ణి. అతనూ అదే చెప్పుకునేవాడు. “అన్న బండి నా షెడ్డుకు రాదప్పా. అందుకే నా షెడ్డుకు మంచి పేరుండాది.”

ఎండాకాలం గడిచింది, వానాకాలం వచ్చినట్టు వచ్చి పోయింది, దసరా వచ్చింది. దశమి రోజున బనగానపల్లెలో ఉన్న నా భార్య అక్కగారింటికి పోవాలని అనుకున్నాం. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని రెండేళ్లు దాటింది. రేషను పెట్రోలు కూపన్లు నెలల తరబడి కూడబెట్టాం. మామిడిపండ్ల కాలంలో పెట్రోలు దొరకలేదు, పెట్రోలు చేతికొచ్చేసరికి మామిడి చెట్టుకు ఆకులే మిగిలాయి. అయినా అక్క పండు కాదు కదా, ఏ కాలంలోనైనా చూడవచ్చు.

నవమి నాడు మా ఇంట్లో ఆయుధ పూజ గట్టిగా చేస్తాం. ఇంట్లో ఇనుమన్నది ఏదుంటే అది కడిగి, పసుపూ కుంకుమా పెట్టి అమ్మవారి ముందు పరుస్తాం. మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. కత్తిపీట కూడా పూజలోకే పోతుంది కాబట్టి ఆ రోజు కూరకు ముందునాడే తరిగి పెట్టుకోవాలి. పుస్తకాలూ అక్కడే, చదవకూడదు. ఆ పొద్దున నా స్పానర్లు, సుత్తి, స్క్రూడ్రైవర్లు, నన్ను కొట్టిన హ్యాండిలుతో సహా వరసగా పేర్చాను. అంతటితో ఊరుకోక కళ్లజోడు తీసి వాటి చివర పెట్టాను.

“అదెందుకు?” అంది నా భార్య.

“ఈ వయసులో మొదటి ఆయుధం ఇదే. పైగా ఈ పొద్దు చదివేదేముంది?”

ఆమె కళ్లజోడుకు కూడా రెండు అద్దాల మీదా రెండు కుంకుమ బొట్లు పెట్టింది. నా హాస్యానికి ఎవరైనా అంత మర్యాద చేయడం అదే మొదటిసారి.

బండి పూజగదిలో పట్టదు కాబట్టి దాని పూజ ముందు వాకిట్లోనే. మా వాకిలి కడప బండలు పరిచినది, ఇంటి వైపు ఎత్తు, వీధి వైపు వాలు. బండి ముఖం ఇంటి వైపు పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేసేవాళ్లం. ఆ పొద్దున దానికి బంతిపూల దండ వేసి, దిష్టి తీసి, మూతి ముందర కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ పగలగొట్టాను. నా భార్య ముక్కలు ఎత్తి పక్కన పోసింది.

మధ్యాహ్నం బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు నాలుగు తిని అరుగు మీద కూర్చున్నాను. బండి వైపు చూస్తే, సరిగ్గా ఇంజను కింద బండ మీద నల్లగా ఇంత మరక కనిపించింది.

రెండు రోజుల కిందటే ఇంజను ఆయిలు మార్చాను. అడుగున ఉన్న బోల్టు విప్పింది గుర్తుంది. పాత ఆయిలు రేకు తట్టలోకి కారింది గుర్తుంది. పైనుంచి కొత్తది పోసిందీ గుర్తుంది. బోల్టు బిగించింది మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు. బిగించకుంటే ఆయిలంతా పోతుంది. ఆయిలు లేని ఇంజను రేపు ప్రొద్దుటూరు దాటదు. అక్కను చూసే యోగం పోతుంది, దానితోపాటు నా స్పానరూ పోతుంది. బండికి ఆయిలు, మనిషికి ఆయువు, రెండూ చెప్పకుండా కారేవే.

స్పానరు అమ్మవారి ముందుంది. కళ్లజోడూ అక్కడే ఉంది. నా భార్య వంటింట్లో సర్దుతోంది. ఆమెకు చెబితే చేత కాలేదని ఒప్పుకున్నట్టే. వేళ్లతోనైనా బిగిద్దామని గోనెసంచి ఒకటి పరుచుకుని, మోకాళ్లు, మోచేతులు, దేవుడు అన్న వరసలో బండి కిందికి దూరాను. తడిమితే బోల్టు చేతికందింది. జిడ్డుగా ఉంది. పద్దెనిమిదేళ్ల బండి కింద జిడ్డు లేనిది ఏదుంటుందన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా మెలిపెట్టి ఒక్క పట్టు పట్టాను.

బోల్టు కదల్లేదు. నడుము పట్టేసింది.

పట్టేయడమంటే మామూలుగా కాదు. కాలు జరిపితే నడుము వద్దంటుంది, తల ఎత్తితే నడుము వద్దంటుంది. ఊపిరి పీల్చడానికి మాత్రం ఒప్పుకుంది, అదీ కొంచెం కొంచెంగా. వీపు కింద బండ ఎండకు కాగి ఉంది. ఒకవైపు నుంచి నెమ్మదిగా రొట్టె కాలినట్టు కాలుతూ ఉన్నాను. అప్పుడే వీధి వాకిలి తలుపు చప్పుడైంది.

“వదినమ్మా, ఓళిగలు అయిపోయినాయా, ఉండాయా?”

సాయిబు. ప్రతి దసరాకూ వస్తాడు, నాకు తెలుసు. గుర్తుండాల్సినవన్నీ ఆ పొద్దు నాకు ఒక్క అడుగు ఆలస్యంగా గుర్తొస్తున్నాయి.

“ఉండాయి, కూచో నాయనా,” అంటూ నా భార్య అరుగు మీద విస్తరాకు వేసింది. “మీ అన్న యాడికి పాయనో. ఇంతసేపూ ఈడనే కూచోనుండె.”

“కాళ్లు కనపడతాండాయి గదా వదినమ్మా. బండి కింద.”

మాట్లాడకుంటే పడిపోయాననుకుంటారు. మాట్లాడితే గొంతులో నొప్పి తెలిసిపోతుంది. అందుకని పని చేస్తున్నట్టు చప్పుడు చేద్దామని, చక్రం దగ్గర పడి ఉన్న రాళ్లలో చిన్నదొకటి తీసుకున్నాను. చక్రానికి అడ్డం పెట్టిన పెద్దది తీసి ఉంటే ఈ ముచ్చట వేరెవరో రాయాల్సి వచ్చేది. రాయితో ఇనుము మీద టంగు టంగుమని రెండు దెబ్బలు వేశాను.

“పండగ పూట కూడా విడిచిపెట్టడు గదా,” అన్నాడు సాయిబు, ఓళిగ నములుతూ.

“అది సరే గానీ,” అంది నా భార్య. “సామానంతా అమ్మోరి ముందర ఉండాది. నేనే బొట్లు పెడ్తి. ఈయప్ప ఏం పెట్టి కొడతాండాడు?”

నేను ఇంకో దెబ్బ వేశాను. వేయకుండా ఉండాల్సింది.

“రాయి,” అన్నాడు సాయిబు. “స్పానరు సప్పుడు ఇట్లుండదు వదినమ్మా. ముప్పై ఏండ్లు అన్న పక్కన నిలబడి విన్నా.”

నా భార్య గాజుల చప్పుడు దగ్గరికొచ్చింది. బండి పక్కన కూర్చుని, తల వంచి లోపలికి చూసింది.

“ఏమయ్యా.”

“ఆఁ.”

“లేస్తావా?”

“లేస్తా. తొందరేముంది.”

“ఎంతసేపాయె?”

“నాలుగు ఓళిగలు అరిగేంతసేపు.”

సాయిబు లేచి వచ్చి వంగబోయి, మోకాలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. “నా వల్ల గాదు వదినమ్మా. వంగితే నన్ను లేపేదానికి ఇంగొగరు గావాల.”

చివరికి ఆమే చీర కుచ్చిళ్లు ఎగదోపి, గోనెసంచి రెండు కొసలూ పట్టుకుని, జొన్న మూట లాగినట్టు నన్ను ఒక్క లాగు లాగింది. నలభై ఏళ్లు రోకలి ఎత్తిన చేతులు. సర్రున వెలుతుర్లోకి వచ్చాను. బండి దండలోని బంతిపువ్వొకటి తెగి నా ఛాతీ మీద పడింది. సాయిబు బండి పట్టుకుని ఎలాగో వంగి, దాన్ని తీసి పక్కన పెట్టాడు. ఆ ఒక్క మర్యాదకు అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆయిలు కారుతోందని చెప్పక తప్పలేదు. నా భార్య మరకలో గుడ్డపేలిక ముంచి అందిస్తే, సాయిబు దాన్ని వేళ్లతో రుద్దాడు, వాసన చూశాడు.

“అన్నా, ఇది గుమ్మడికాయ.”

ఎత్తు నుంచి వాలుకు నీళ్లు జారి, బండి కింద గుంటగా ఉన్నచోట నిలిచాయి. కడప బండ తడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది. పుట్టిన ఊరి రాయి నాకు తెలియక కాదు. దాన్ని దగ్గర్నుంచి చూడాల్సిన కళ్లజోడుకు నేనే సెలవిచ్చాను.

నా భార్య నవ్వలేదు. నవ్వుంటే బాగుండేదనిపించింది.

“నేను చెప్పినమాట గుర్తుండాదా?” అంది.

“ఉండాది.”

“రేపు పొద్దున బండి షెడ్డుకు పోవాల. ఆ బోల్టు ఎట్లుండాదో సాయిబు చూస్తాడు. ఆ తర్వాతనే మా అక్క ఊరు.”

మర్నాడు ఉద్వాసన చెప్పగానే కళ్లజోడు తెచ్చి నా చేతిలో పెట్టింది. తుడిచినా కుంకుమ పూర్తిగా పోలేదు. లోకం కొంచెం ఎర్రగానే ఉంది. స్పానర్లు మాత్రం కొంగులో మూటగట్టి తన దగ్గరే పెట్టుకుంది. చక్రాల రాళ్లు తీసి, రివర్సు గేరులో వాలుకు వదిలితే, హ్యాండిలు అవసరం లేకుండా బండి వెనక్కి నడుస్తూ లేచింది. నా నడుముకు వెనక నుంచి ఆమె దుప్పటి చుట్ట పెట్టింది. అలా షెడ్డుకు చేరాం.

ఆ షెడ్డు లోపలికి నేను ఎప్పుడూ అడుగు పెట్టలేదు. మధ్యలో నిలువు లోతు గుంత ఉంది, దిగడానికి మెట్లు. బండి గుంత మీద నిలుపుతారు, మనిషి కింద నిలబడి పని చేస్తాడు.

“ఇదెప్పుడు తవ్వించినావు?” అన్నాను.

“నా మోకాళ్లు పోయినప్పుడు. ఐదేండ్లాయె. నువ్వు ఈ పక్కకు వచ్చింటే ఎప్పుడో చూసుందువు.”

ఐదేళ్లు. ఐదేళ్లపాటు నేను మోచేతుల మీద పాకాను, అతను హాయిగా నిలబడ్డాడు. నా పంతానికి ఎంత నడుము ఖర్చయిందో అప్పుడు తెలిసింది.

ఇద్దరం దిగాం. నా భార్య పైన స్టూలు వేయించుకుని, గుంత అంచున కూర్చుని, స్పానరు సాయిబుకు అందించింది. అతను చేయి ఎత్తాడు. భుజం దగ్గరికొచ్చి చేయి ఆగిపోయింది.

“ఇంతే లేస్తాది అన్నా. షెడ్డులో పనోళ్లంతా పండక్కి పాయిరి.” పైకి చూశాడు. “వదినమ్మా, అన్న చేయి లేస్తాది. నడుమే గదా పోయింది.”

ఆమె చాలాసేపు మా ఇద్దరినీ చూసింది. పైనుంచి చూస్తే రెండు బట్టతలలు, ఒక స్పానరు. అక్క బనగానపల్లెలో ఎదురుచూస్తూ ఉంటుంది.

“స్పానరు ముట్టకూడదని చెప్తి,” అంది చివరికి. “సాయిబు చేయి ముట్టకూడదని చెప్పలేదు.”

అతని చేయి స్పానరు మీద, నా చేయి అతని మోచేతి కింద. నేను ఎత్తాను, అతను తిప్పాడు. బోల్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. రెండు రోజుల కిందటే ఎవరో గట్టిగా బిగించారు. ఆ ఎవరో నేనే.

“శానా గట్టిగా బిగిచ్చినావన్నా,” అన్నాడు సాయిబు, పైకి వినపడేట్టు.

“నాకు వినపడ్యాలే,” అంది నా భార్య. “ఇంగ పైకి రాండి. మా అక్క చూస్తాంటాది.”

పైకి ఏడు మెట్లు. నాలుగో మెట్టు మీద నడుము ఆగింది, ఐదో మెట్టు మీద అతని మోకాలు ఆగింది. నా భార్య స్టూలు మీద నుంచి లేచి, స్పానర్ల మూట మళ్లీ కొంగుకు ముడేసుకుని, మా ఇద్దరికీ చెరో చేయీ అందించింది.