కుడి మూల పెన్సిల్ టిక్కు

"అన్నయ్య పోయారండీ" అని మా ఆడిటర్‌గారి తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను పెడన స్టేషన్లో గుడివాడ రైలు కోసం నిలబడి ఉన్నాను. వెళ్తున్నది ఆయన దగ్గరికే. సంచిలో బ్యాంకువాళ్లిచ్చిన వడ్డీ కాగితం ఉంది. అలాగే రైలెక్కాను, ఆఖరిచూపుకు.

మాది అద్దకం బట్టల చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మా ఆయన పోయాక నడిపేది నేనొక్కదాన్నే. మొదటి ఏడాది ఆర్డరు తాలూకు అడ్వాన్సు కొంత కంపెనీ పేరున డిపాజిట్ చేశాను. వచ్చిన వడ్డీలో బ్యాంకు పదోవంతు పట్టుకుంది కదా, ఇంక పన్ను గొడవ లేదనుకుని దర్జాగా ఆడిటర్‌గారి ముందు కూర్చున్నాను.

"ఆ పదోవంతు బయానా లాంటిదమ్మా. కంపెనీ రేటున పన్ను లెక్కకట్టి, బ్యాంకు పట్టుకున్నది పోను మిగతాది మనం కట్టాలి."

"ఇంత చిన్న వడ్డీకా అండీ? నాకెప్పుడూ పన్ను పడలేదుగా!"

"నీకు పడదు. కంపెనీ వేరు, నువ్వు వేరు. దానికి మొదటి రూపాయి నుంచీ పన్నే."

నాకు ఒళ్లు మండింది. రంగుల ఖర్చు చూపించి తగ్గించమన్నాను.

"వడ్డీ సంపాదించడానికి ఏం రంగు కొన్నావమ్మా?" అని నవ్వి, దాన్ని ఇతర ఆదాయం కింద విడిగా రాయమన్నారు.

లెక్క ఆయన వేసేవారు కాదు, నాచేతే వేయించేవారు. సరిపోతే కాగితం కుడి మూల పెన్సిల్‌తో చిన్న టిక్కు. లేకపోతే ఏమీ అనకుండా కాగితం నా వైపు జరిపేవారు. ఒక ఏడాది, గడువు తీరని డిపాజిట్ మీద వడ్డీ రాయలేదని నాలుగుసార్లు జరిపారు. "చేతికి రాకపోయినా ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాదిదేనమ్మా" అని చెప్పడానికి మధ్యాహ్నం దాకా ఆగారు. విసుక్కున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నిజానికి ఆడిటర్లు మాకు పక్కనే బందరులోనూ ఉన్నారు. గుడివాడ దాకా వెళ్లింది లెక్క కోసం కాదు. గుమ్మంలోనే "భోజనం చేసొచ్చావా?" అని అడిగే మనిషి నాకు ఇంకెవరూ లేరు.

మొన్న, ఆ రోజు సంచిలో ఉన్న కాగితం తీసి, వడ్డీ లెక్క ఒక్కదాన్నే వేశాను. కంపెనీ రేటు కట్టి, బ్యాంకు పట్టుకున్నది తీసేసి, మిగతాది కట్టేశాను. మూడుసార్లు చూసుకున్నాను. సరిపోయినట్టే ఉంది. కానీ సరిపోయిందని చెప్పేవారేరి?

కాగితాన్ని బీరువాలో పాతవాటి మీద పెట్టాను. వాటన్నిటికీ మూలన టిక్కుంది. దీనిమీద కూడా, అలవాటుకొద్దీ, కుడి మూల కాస్త చోటు వదిలాను.