చిహారు ఆడిన రోజు

పెర్పెతువా కాచే జొన్న కల్లుకి చుట్టుపక్కల ఊళ్ళలో మంచి పేరుంది. అంతకు ముందు ఆ పేరు ఆమె ఆటకి ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆమె నడుం వంచి బరిలోకి దిగితే, జిల్ వాయించేవాళ్ళు ఆమె పాదాలను చూసి వేగం పెంచేవారు. వాళ్ళలో ఒకణ్ణే పెళ్ళి చేసుకుంది. ఆయన పోయాక, సొరబుర్రల మీద కొయ్య పలకలు పేర్చిన ఆ వాద్యం మరిది బాయువో ఇంటికి చేరింది. ఆ తర్వాత ఆమె మోకాళ్ళు మొరాయించాయి. కల్లు కుండల పక్కన పీట మీద కూర్చోవడమే మిగిలింది.

బడిలో లెక్కలు చెప్పడానికి జపాన్ నుంచి స్వచ్ఛందంగా వచ్చిన చిహారుని ఆమె ఇంట్లో ఉంచారు. మాట వినపడీ వినపడకుండా మాట్లాడే పిల్ల. జిల్ మోత చెవిన పడితే మాత్రం చేతిలో పని అక్కడే వదిలేసి పరుగెత్తేది. సంతయినా, పెళ్ళయినా బరిలో దూరి, తాళం తప్పుతూ, నవ్వుతూ ఆడేది.

"మీ నసాల పిల్ల ఆడుతోందా, కోడిని తరుముతోందా?" అని కల్లు తాగడానికొచ్చిన ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు. పరాయి దేశం వాళ్ళెవరైనా అక్కడ నసాలే.

"మీ కోడళ్ళ కంటే నయమే," అనేది పెర్పెతువా. సాయంత్రాలు కూర్చున్న చోటినుంచే సొరడొప్ప బోర్లించి తాళం వేస్తూ ఆ పిల్లకు నేర్పింది. "భుజాలు కాదే, వీపు కదలాలి," అని కసిరేది. తన కాళ్ళు చెయ్యలేనిది ఆ పిల్ల కాళ్ళు కొద్దికొద్దిగా చేస్తుంటే చూసి మురిసిపోయేది.

కోతలప్పుడు ఒకరోజు చిహారు బడినుంచి వచ్చి, పళ్ళెం కడిగి బోర్లించి, అప్పుడు చెప్పింది. "మా నాన్న పోయాడమ్మా. రేపే దహనం. ఇప్పుడు బయలుదేరినా అందదు."

కంట తడి లేదు. మర్నాడు కూడా బడికి వెళ్ళి పాఠం చెప్పింది. పెర్పెతువాకి భయమేసింది. తన వాళ్ళలో చావుని ఎవరూ అంత నిశ్శబ్దంగా పోనివ్వరు. శవాన్ని అందరికీ కనపడేలా కూర్చోబెడతారు, జిల్ మోగుతుంది, పాడేవాళ్ళు పోయినవాడి వంశం ఎత్తి పిలుస్తారు, ఊరంతా ఏడుస్తుంది. తను ఏడిస్తే ఆ పిల్లా ఏడుస్తుందేమోనని పెర్పెతువా గొంతెత్తి శోకం పెట్టింది. చిహారు వచ్చి పక్కన కూర్చుని, ఆమె వీపు నిమిరి ఓదార్చింది.

దాంతో పెర్పెతువా కర్ర పట్టుకుని మరిది ఇంటికి నడిచింది. ఆ పిల్ల తండ్రి కోసం ఒక్కసారి జిల్ మీద చావు పాట వాయించమని బతిమాలింది.

బాయువో తల అడ్డంగా ఊపాడు. "ఎవరి పేరు పిలవమంటావు వదినా? ఆయన తాత ఎవరో, ఏ ఇంటివాడో నాకు తెలీదు. శవం లేని వాకిట్లో ఆ పాట వాయిస్తే, అది ఇంకొకర్ని వెతుక్కుంటుంది. అన్న బతికున్నా వాయించేవాడు కాదు."

ఆయన వాయించేవాడు కాదని ఆమెకీ తెలుసు. ఊరి పెద్దలూ అదే మాటన్నారు.

రెండు రోజులకి కోతల పండగ వచ్చింది. మధ్యాహ్నం సంత మైదానంలో జిల్ అందుకుంది, చావు పాట కాదు, సంబరాల పాట. చిహారు లేచి నడిచింది. వద్దనాలో పొమ్మనాలో తెలియక పెర్పెతువా కుంటుతూ వెనకే వెళ్ళింది.

ఆ రోజు ఆ పిల్ల తాళం తప్పలేదు. వీపు వంచి, నేల చూస్తూ, దుమ్ము లేచేలా ఆడింది. జనం ఈలలు వేశారు. నసాల మన పిల్లయిపోయిందని నవ్వారు. ఎవరో మెచ్చుకోలుగా నాణెం తెచ్చి ఆమె నుదుటికి అద్దారు. పాట మారినా ఆగలేదు. పక్కవాళ్ళు అలిసి తప్పుకున్నా ఆగలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళు తమను తాము గాయపరచుకోకుండా నడుముకి గుడ్డ కట్టి ఒకరు పట్టుకోవడం ఆ ఊరి ఆచారం. పెర్పెతువా తలగుడ్డ విప్పి, బరిలోకి వెళ్ళి, ఆ పిల్ల నడుముకి చుట్టి, కొస చేత్తో పట్టుకుంది.

జనం దాన్నీ ఆటలో భాగమనుకుని నవ్వారు. బాయువో చేతులు మాత్రం ఒక్క క్షణం తడబడ్డాయి. ఆపితే అది శోకమని అందరికీ తెలిసిపోతుంది. అందుకని అదే సంబరాల పాట వాయిస్తూ పోయాడు.

చిహారు ఎటు తిరిగితే అటు పెర్పెతువాని లాక్కుపోయింది. నాలుగు చుట్లు తిరిగేసరికి మోకాళ్ళు ఇక నిలవలేదు. గుడ్డ జారిపోయింది. ఆమె దుమ్ములోనే కూలబడి, "కాస్త ఆగవే తల్లీ," అంది. ఆ మోతలో వినపడలేదు.

ఆ పూట ఆటతో చిహారు గుండె బరువు దిగిందో లేదో పెర్పెతువాకి ఎప్పటికీ తెలియలేదు. ఆ పిల్ల ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పడుకుంది. పొద్దున్నే బడికి వెళ్ళింది. ఏడాది ముగిశాక, పెర్పెతువా రెండు చేతులూ పట్టుకుని, తన దేశపు పద్ధతిలో తల వంచి, బస్సెక్కింది. ఇప్పటికీ కల్లు కోసం వచ్చినవాళ్ళు ఆ పండగ సంగతి ఎత్తుతారు. అంత సంతోషంగా ఆడిన నసాలను ఇంకెప్పుడూ చూడలేదంటారు. సంతోషం కాదని పెర్పెతువా ఒకసారి చెప్పబోయింది. వాళ్ళు అప్పటికే వేరే మాటల్లో పడ్డారు.