ఖాదర్ మామ రియాద్‌లో వన్స్‌మోర్ కొట్టిన కథ

ఆ గొంతును మొదటిసారి విన్నప్పుడు నేను కారు పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. ఫ్యాన్ బెల్టు జారి అరుస్తోందనుకున్నాను. పదకొండేళ్ళుగా దమ్మామ్‌లో ఒకే ఇంట్లో డ్రైవర్‌ని. బండి మూలిగినా తుమ్మినా నాకు తెలిసిపోతుందని నలుగురిలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. బెల్టు చూశాను, బాగానే ఉంది. రేడియేటర్ చూశాను, అదీ బాగానే ఉంది. ఇంతలో వెనక సీట్లోంచి మా డాక్టరమ్మ దిగి, తన ఫోన్ ఆపింది. అరుపూ ఆగింది. "అది ఇంజిన్ కాదు మస్తాన్, మనిషి" అంది.

డాక్టరమ్మ అంటే నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ పెద్ద కూతురు. ఆసుపత్రికి పోతూ వస్తూ ఒపేరా పాటలు వింటుంది. ఒపేరా అంటే కొంచెం మన పద్యనాటకం లాంటిదే. కత్తిపోటు తిన్నవాడు కూడా పావుగంట పాడి గానీ పడిపోడు. రెండేళ్ళు రోజూ విన్నాక నాకు అలవాటైంది. ఇష్టమైందని మాత్రం అనను. పక్కింటి జనరేటర్ మోత కూడా అలవాటవుతుంది.

ఆ పాడే పెద్దాయన రియాద్ వస్తున్నాడని తెలిసి డాక్టరమ్మ రెండు టికెట్లు తీసింది. సరిగ్గా ఆ రోజే ఆమెకు డ్యూటీ పడింది. రెండు టికెట్లూ నా ఫోన్‌లోకి పంపి, "పోయి నీ ఫ్యాన్ బెల్టును చూసి రా" అంది. ఏడో తరగతిలో బడి మానేసిన నేను అలాంటి చోటికి ఒంటరిగా పోతే గేటు దగ్గరే పార్కింగ్ చూపిస్తారు. అందుకని ఖాదర్ మామను తోడు తీసుకున్నాను.

ఖాదర్ మామ మా రాయచోటి మనిషి. దమ్మామ్‌లో కూలీల క్యాంపు మెస్సులో వంటమాస్టర్. వయసులో ఉన్నప్పుడు మా పక్క పద్యనాటకాలన్నిటిలో రాజు వేషం ఆయనదే. ఐదుపూటలా నమాజు చేసే మనిషి కిరీటం పెట్టుకుని పద్యం ఎత్తుకుంటే నాలుగు ఊళ్ళ జనం కదలకుండా కూర్చునేవారని మా నాయన చెప్పేవాడు. ఇప్పుడు ఆయనకు అరవై రెండు. కంపెనీవాళ్ళు ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు. ఇంకో పదిహేను రోజుల్లో ఊరికి పోతాడు, మళ్ళీ రాడు. ఆ సంగతి తెలిసి ఊళ్ళో ఆయన పాత హార్మోనిస్టు ఓబులేసు ఫోన్ చేశాడు. ఉరుసుకు నాటకం పెడుతున్నాం, రాజు వేషం నీదే అన్నాడు. మామ వద్దన్నాడు. ఓబులేసు వదల్లేదు. శుక్రవారం సాయంత్రం లోపల అవునో కాదో చెప్పు, లేకపోతే ప్రొద్దుటూరు నుంచి వేరే మనిషిని పిలుస్తాను, ఇక ఎప్పటికీ నిన్ను అడగను అని గడువు పెట్టాడు. మేము బయలుదేరింది గురువారం ఉదయం.

తొమ్మిదిన్నరకు దమ్మామ్ స్టేషన్ చేరాం. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. రైలు టికెట్టు నాలుగు రోజుల ముందే ఫోన్‌లో తీసుకోండి, చివరికొచ్చే కొద్దీ ధర పెరుగుతుంది. ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు మరిచిపోతే ఎక్కనివ్వరు. కార్యక్రమం టికెట్టు మీద మంచి దుస్తుల్లో రావాలని రాసి ఉంది. నా దగ్గర ఉన్న మంచి దుస్తులు డ్రైవర్ యూనిఫామే. మా వీధి లాండ్రీ నడిపే బంగ్లాదేశీ, ఇస్త్రీకి వచ్చిన ఎవరిదో కోటు ఇచ్చి, ఆదివారం లోపల తెచ్చివ్వమన్నాడు.

మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏందిరా మస్తానూ, ఈ కోటులో నువ్వు ఒగనివేనా, ఇంగెవురన్నా ఉండారా?"

"ఉంటే ఇంకో టికెట్టు తీయాల మామా."

పదీ ఐదుకు రైలు కదిలింది. కిటికీలోంచి ఇసుక కనిపిస్తుంది. కాసేపయ్యాక ఇంకొంచెం ఇసుక. ఒంటెలు కనిపిస్తే ఫోటో తీయకండి, గోడ మీద మరకలా పడతాయి. బోగీలో చలి మాత్రం దండిగా ఉంటుంది, దుప్పటి పెట్టుకోండి. హుఫూఫ్ దగ్గర ఖర్జూరం తోటలు వచ్చాయి. అక్కడ ఒక అమ్మాయి ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చుంది. మామ టిఫిన్ డబ్బా మూత తీశాడు. చిత్రాన్నం వాసనకు ఆ అమ్మాయి తల ఎత్తింది.

"తెలుగోళ్ళాండి?"

పేరు గ్రేస్, ఊరు రాజోలు, హుఫూఫ్‌లో ఆసుపత్రి నర్సు. చిన్నమ్మ కూతురిని చూడటానికి రియాద్ పోతోంది. మామ మూతలో చిత్రాన్నం, ఒక గుడ్డు పెట్టి ఇచ్చాడు. ఒక ముద్ద తిని, "ఆవ పెట్టలేదేంటండి?" అంది.

"మా పక్క పెట్టర్లేమ్మా" అన్నాడు మామ, తప్పు చేసినవాడిలా.

మేము పాట వినడానికి పోతున్నామని, మామ కూడా పెద్ద పాటగాడేనని నేను చెప్పాను. నా నోట్లో మాట నిలవదు.

"అయితే ఓ పద్యం పాడండి బాబాయ్ గారూ."

"గొంతు పోయిందిలేమ్మా."

"జలుబాండి?"

"పదేండ్ల నాటి జలుబు" అన్నాడు మామ.

అప్పుడు చెప్పాడు. పదకొండేళ్ళలో నాకు కూడా చెప్పని సంగతి. పదేళ్ళ కింద సెలవు మీద ఊరికి పోయినప్పుడు వేషం కట్టాడు. మన నాటకాల్లో పద్యం చివర రాగం బాగా తీస్తే జనం వన్స్‌మోర్ అంటారు. కథ ఎక్కడున్నా అక్కడ ఆగాల్సిందే. ప్రాణం పోయిన రాజైనా లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. ఆ రోజు మామ పద్యానికి వన్స్‌మోర్ పడింది. పాడాడు. మళ్ళీ పడింది. మళ్ళీ పాడాడు. మూడోసారి పైకి పోయిన చోట గొంతు చీలిపోయింది.

"ముందు వరసలో ఒగాయప్ప నవ్వినాడు. గట్టిగా గూడా కాదు. అప్పుట్నుంచి మెస్సులో కూనిరాగం గూడా తీయలేదు నేను."

గ్రేస్ గుడ్డు తినడం ఆపింది. "నర్సుని కదండీ, చెప్తాను. గొంతు కూడా మోకాళ్ళలాగే ముసలిదవుద్దండి. మోకాళ్ళు నెప్పెడితే నడక మానేత్తామా? నిదానంగా నడుత్తాం."

"రాజు నిదానంగా నడవగూడదు తల్లీ" అన్నాడు మామ. అక్కడితో డబ్బా మూత పెట్టేశాడు.

రెండున్నరకు రియాద్ దిగాం. గ్రేస్ వాళ్ళ చెల్లెలితో వెళ్ళిపోయింది. సిటీ బస్సు టికెట్టు నాలుగు రియాళ్ళు, కార్డు గీకాలి, నోటిస్తే తీసుకోరు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే బత్హా పేటలో లాడ్జి గది ఒకటి దొరికింది. రెండు మంచాలు, ఒక కిటికీ, కిటికీ తెరిస్తే పక్క లాడ్జి గోడ. కింద మలయాళీ హోటల్‌లో టీ తాగి, ఆరింటికి టాక్సీ ఎక్కాం. డ్రైవర్ పెషావర్ వాడు. నా కోటు చూసి "పెళ్ళికా?" అని హిందీలో అడిగాడు. అవునన్నాను. ఎవరి పెళ్ళి అంటే మామను చూపించాను. మామ నా తొడ మీద గిల్లాడు.

హాలు గుమ్మంలో ఒక సౌదీ అమ్మాయి ఫోన్లు చూసి, మా సీట్లు పై అంతస్తులో అని చెప్పింది. మధ్యలో మాట్లాడకూడదు, పాట పూర్తయ్యాకే చప్పట్లు అని కూడా చెప్పింది. ఆమె చెప్పిన ఇంగ్లీషులో నాకు సగమే అర్థమైంది. ఆ సగమే మామకు చెప్పాను, మాట్లాడకూడదు అని.

ఏడున్నరకు దీపాలు తగ్గాయి. వేదిక మీద అరవై మంది దాకా వాయిద్యాలతో కూర్చున్నారు. మామ ముందుకు వంగి వెతుకుతున్నాడు.

"మైకేదిరా?"

"మర్చిపోయినట్టుండారు మామా. నువ్వు పోయి చెప్పిరా."

పెద్దాయన వచ్చాడు. పొట్టివాడు, తెల్ల జుట్టు, పొట్ట ముందు, మనిషి వెనక. పేరు నాకు నోరు తిరగదు. నడకలో కాళ్ళ నొప్పి తెలుస్తోంది. "నీ తమ్ముడు మామా" అన్నాను చెవిలో. మామ వినిపించుకోలేదు.

మొదటి రెండు పాటలకూ నేను నవ్వు ఆపుకోవడంలో ఉన్నాను. బెల్టే గుర్తొస్తోంది. మూడో పాట నిదానంగా మొదలైంది. మైకు లేకుండా అంత దూరం నుంచి వస్తున్న గొంతు నా పక్కన కూర్చుని పాడుతున్నట్టుంది. కారులో రెండేళ్ళు విన్నది డబ్బా మీద బొమ్మ, ఇది లోపలి సరుకు. ఏ భాషో, ఏం చెప్తున్నాడో ఒక్క ముక్క తెలియదు. ఆయన మెట్టు మెట్టూ ఎక్కుతూ పైన ఒక చోట నిలబడ్డాడు. అప్పుడు నాకు ఎందుకో విమానాశ్రయంలో మా ఆవిడ గుర్తొచ్చింది. నేను మొదటిసారి వచ్చేటప్పుడు గాజు తలుపు అవతల నుంచి ఏదో చెప్పింది. వినపడలేదు. తల ఊపి వచ్చేశాను. ఆ మాట ఏమిటని ఇన్నేళ్ళలో అడగనేలేదు. ఇప్పుడు ఎవరో ముసలాయన దాన్నే చెప్తున్నట్టుంది. హాలులో ఏసీ గాలి తిన్నగా కళ్ళలోకి కొడుతోంది. కోటు చేతులు బాగా పొడుగు కాబట్టి రుమాలు తీసే పని పడలేదు.

పాట ఆగింది. వాయిద్యాలు ఇంకా చిన్నగా మోగుతున్నాయి. అప్పుడు నా పక్కన మామ లేచి నిలబడి, మూడు వందల మందిని అన్నానికి పిలిచే గొంతుతో అరిచాడు.

"వన్స్‌మోర్!"

కింద జనమంతా తలలు తిప్పి పైకి చూశారు. గుమ్మం దగ్గరి అమ్మాయి మా వరస వైపు గబగబా వస్తోంది. నేను కోటులోకి దిగిపోయాను. పెద్దాయన నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి మా వైపు చూశాడు. నవ్వాడు. వేలు ఒకటి ఎత్తి, ఒక్కసారేనా అన్నట్టు అడిగాడు. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. ఆయన వాయిద్యాలవాళ్ళకు ఏదో చెప్పాడు. వచ్చిన అమ్మాయి మామ భుజం మీద రెండు వేళ్ళు పెట్టి కూర్చోబెట్టి పోయింది.

మళ్ళీ అదే పాట మొదలైంది. నేను మామను పొగుడుదామని తిరిగాను. మామ ముఖంలో రక్తం లేదు. నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఎంత పని చేస్తిని రా. ఆయప్ప గొంతులో ఇంగేమీ లేదు. నాకు తెలుస్తాంది. అంతా మొదటిసారే పెట్టేసినాడు."

"మరి పాడతాండాడే?"

"నేనూ పాడితిని" అన్నాడు మామ.

పైకి ఎక్కే చోటు దగ్గరికొచ్చే కొద్దీ ఆ పట్టు బిగిసింది. పెద్దాయన ఒక చెయ్యి ఎత్తి వాయిద్యాలను తగ్గించమన్నాడు. అవి దాదాపు ఆగిపోయాయి. ఇందాక గొంతు నిండా అందుకున్న స్వరాన్ని ఈసారి చిన్నగా, గాలికి దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టినట్టు తీసుకుపోయి పైన పెట్టాడు. సన్నగా, కొంచెం వణుకుతూ నిలిచింది. ఆయన దాన్ని దాచలేదు. తర్వాత మెల్లగా దించాడు. కింద జనం లేచి నిలబడ్డారు. మామ లేవలేదు, చప్పట్లూ కొట్టలేదు. నా చెయ్యి మాత్రం వదిలాడు.

బయటికొచ్చాక టాక్సీ కోసం నిలబడి అడిగాను. "రెండోసారి బాగా పాడినాడా, మొదటిసారా?"

"మొదటిసారి బలంతో కొట్నాడు. రెండోసారి బలం లేదు. ఉన్నంతే తీసి అందరి ముందర పెట్నాడు."

"ఎవురూ కనుక్కోలేదులే."

"ఎందుకు కనుక్కోలేదు? అందరూ కనుక్కున్నారు. ఒగడూ నవ్వలేదు."

లాడ్జికి వచ్చి పరోటాలు తిని పడుకున్నాం.

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర రైలుకు తిరుగు ప్రయాణం. హుఫూఫ్ దాటాక, పన్నెండున్నరప్పుడు, మామ ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు. ఆయనకు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అలవాటు లేదు, రైలంతా వినాల్సిందే.

"ఓబులేసూ, వేషం కడతా. అయితే శ్రుతి ఒగటి దించు."

 అవతల ఓబులేసు గొంతు తగ్గించి అన్నాడు. "దించితే తెలిసిపోతాదప్పా. మన ఊరోళ్ళు హార్మోనియం పెట్టె ముందర కూర్చోని మెట్లు లెక్కపెడతారు. ఖాదర్ గొంతు దిగిపాయ అంటారు."

"దిగింది కదా, అంటే అననీ. వన్స్‌మోర్ అంటే మాత్రం ఒగసారే పాడతా. రెండోసారికి దండం పెడతా."

"నువ్వేనా మాట్లాడేది?"

"నేనే. ప్రొద్దుటూరాయప్పకు రావద్దని చెప్పు."

ఫోన్ పెట్టేసి మామ కిటికీ వైపు తిరిగాడు. నోరు తెరవకుండానే గొంతులో ఏదో కదులుతోంది. నెమ్మదిగా బయటికొచ్చింది, రాగం. ముందు సీటు సౌదీ పెద్దమనిషి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

మొత్తానికి రియాద్ వెళ్ళి అలాంటి గాయకుణ్ణి వినాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. పై అంతస్తు సీట్లు చాలు. భాష రాకపోయినా నష్టం లేదు. కోటు మాత్రం కొలతకు తగ్గది తెచ్చుకోండి. పద్యనాటకాలు చూసినవాళ్ళను వెంట తీసుకుపోతే, నోటి దగ్గర చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చోండి.

దమ్మామ్ దగ్గరపడుతుంటే నాకు నోరు ఊరుకోలేదు. "శ్రుతి దించుకున్న రాజును ఎవురు చూస్తారు మామా? నేనైతే రాను" అన్నాను.

మామ రాగం ఆపాడు. "వస్తావులేరా. తెలీని భాషలో పాడితేనే ఎవురిదో కోటు తడిపి పెడితివి. తెలిసిన భాషలో పాడతా, నీ చొక్కా నువ్వే తెచ్చుకో."