మేనమామ వేలి మీద పంటి గాట్లు

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై దగ్గరపడ్డాయి. రాజమండ్రి ఆసుపత్రిలో బాలింతలకు నీళ్ళు కాచే పనిలో చేరితే, డాక్టరు దొరసానిగారు పలక చేతికిచ్చి, ఆనక మంత్రసాని పరీక్షకు కూర్చోమన్నారు. పురుడు పోయడం నాకు కొత్త కాదు. పిల్లల పళ్ళ పాఠమే ఒక పట్టాన ఎక్కలేదు.

పరీక్షకు ముందు సెలవిస్తే గోదారి ఒడ్డున మా వాడకు వచ్చాను. చేపలు ఎండేసే ఆడవాళ్ళ నోళ్ళు తెరిపించి పాఠం వల్లించేదాన్ని. కొరికేవి ముందు, చీల్చే కోరలు మూలన, నమిలేవి వెనక. పాలపళ్ళు ఇరవై, పెద్దయ్యాక ముప్పై రెండు. ఆరో ఏట ఒక దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వెనకాల మొలుస్తుంది, ఊడేదే కదా అని దాన్ని పుచ్చిపోనివ్వకండి అన్నాను.

"మా ఆయన నోట్లో పుచ్చడానికి ఇంకేం మిగల్లేదు, ఆయన్ని వదిలెయ్" అంది ఒకావిడ.

గోదారికి ఎర్రనీరు వచ్చింది. పులస చేపలు సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కే రోజులు. మా తమ్ముడు మాత్రం వల గోడకు తగిలించి గుమ్మంలో కూర్చున్నాడు. అవతలి ఒడ్డున మా చెల్లెలి కొడుక్కి పై పళ్ళు ముందొచ్చాయని దాని అత్తగారు కబురంపింది. అలా వస్తే మేనమామకు గండమని మావాళ్ళ నమ్మకం. ఆ బిడ్డ ముఖం మేనమామ నూనెలో చూస్తే గండం పోతుంది. అందాకా పడవ ఎక్కనివ్వనని అమ్మ ఒట్టు పెట్టింది. పడవ ఎక్కకుండా బిడ్డ దగ్గరికెలా వెళ్తాడో ఆవిడ ఆలోచించలేదు.

"ఈదుకుంటూ పోతానే" అన్నాడు వాడు.

"ఈ వరదలోనా? గండం అక్కడే కాచుక్కూర్చుంటుంది" అంది అమ్మ.

పక్కింటివాళ్ళు పులసలు మోసుకుపోతూ, "ఏరా, గుమ్మం కాపలా బావుందా?" అనేవారు. వాడు తల ఎత్తేవాడు కాదు. నీరు తేరిందంటే పులస మళ్ళీ ఏడాదికే.

నేనే రేవు పడవెక్కి బిడ్డను తెద్దామని పోయాను. చెల్లెలి అత్తగారు అడ్డం తిరిగింది.

"గండం మా మనవడికి కాదుగా. కావలసినవాళ్ళే రావాలి."

"వాడు పడవెక్కకూడదండి."

"అయితే నడిచి రమ్మను."

ఇక వాదించలేక బిడ్డను ఒళ్ళో వేసుకున్నాను. ఆరో నెల అటూ ఇటూగా కింది ముందుపళ్ళు రెండు, తర్వాత పైవి, ఇదీ నేను కంఠతా పట్టింది. వీడు నవ్వితే పైవే కనబడుతున్నాయి. కింది పెదవి దించబోతే నాలుక అడ్డం పెడుతున్నాడు. వేలు పెట్టాను. కసుక్కున కొరికాడు, కింది నుంచి కూడా.

"కింద కూడా ఉన్నాయే!"

"పాలిస్తుంటే ఎప్పట్నుంచో కొరుకుతున్నాడని మొత్తుకుంటూనే ఉన్నానక్కా. నా మాట ఎవరు విన్నారు?" అంది చెల్లెలు.

అత్తగారు నమ్మక తనూ వేలు పెట్టింది. తర్వాత కాసేపు వేలు ఊదుకుని, "సరే, తీసుకెళ్ళండి" అంది.

చెల్లెల్నీ బిడ్డనీ వెంటబెట్టుకుని ఇంటికొచ్చి సంగతి చెప్పాను. అమ్మ వింటుందా? నూనె గిన్నె పెట్టింది. నేనూ వద్దనలేదు. తమ్ముడు నూనెలో ముఖం చూస్తుంటే బిడ్డ గిన్నెలో చెయ్యి కొట్టి అందరికీ తలంటేశాడు. తర్వాత మేనమామ వేలు దొరకపుచ్చుకుని నోట్లో పెట్టుకున్నాడు.

అమ్మ ఆ వేలిని వెలుతురుకు తిప్పి చూసింది. కిందిపళ్ళు దిగినవైపు లోతుగా రెండు గాట్లు. పైపళ్ళవైపు గీతల్లా రెండు.

"కిందివే బాగా ఎదిగాయి. ముందొచ్చినవి ఇవే" అంది, తనే కనిపెట్టినట్టు. "ఇంకా కూర్చున్నావేంరా? నీరు తేరిపోతోంది, ఫో."

వాడు వల భుజాన వేసుకుని పరుగెత్తాడు. సాయంత్రానికి కడుపు నిండా జన, అదే గుడ్లు, ఉన్న పులస తెచ్చాడు. మర్నాడు కుండలో పులుసు పెట్టుకుని తిన్నాం. నడుం ముక్కలు చెల్లెలి అత్తగారికి పంపించాం. వేలు ఎందుకు వాచిందని అడిగినవాళ్ళకి, "మా అల్లుడు పళ్ళు చూపించాడు" అని చెప్పుకుంటూ తిరిగాడు వాడు.

పరీక్షలో దొరసానిగారు ఏ పళ్ళు ముందొస్తాయని అడిగారు. కిందివి అన్నాను.

"పైవి ముందొస్తే?"

"ఏమీ కాదండి. కొందరికి అలాగే వస్తాయి."

మా అమ్మ రాజమండ్రిలో లేదు కనక గట్టిగానే చెప్పాను. ప్యాసయ్యాను.