గన్నేరు గింజల సంచి

కొత్తగా డాక్టరునై, మద్రాసులో గుండెజబ్బుకు మందు వెతికే పరిశోధనలో చేరిన రోజులవి. పచ్చగన్నేరు గింజల్లోంచి ఆ మందు తీయాలని మా ప్రయత్నం. మాచర్లలో కంచెల వెంట ఏరిన గింజల్ని గుడ్డసంచిలో పోసుకుని రైలెక్కాను.

రెంటచింతలలో ఒక పెద్దామె ఎక్కి నా ఎదుట కూర్చుంది. మెడలో జపమాల ఉంది. గింజలకు చెమ్మ తగిలిందేమోనని నేను సంచి విప్పి చూస్తుంటే, చటుక్కున లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"ఎవురు నాయనా, నిన్ను అంత మాటన్నది?" అంది.

మా పల్నాట్లో మాట పడలేనివాళ్లు నూరుకుని తాగేది ఆ గన్నేరుపప్పే. నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఎక్కువైతే గుండెను ఆపేసే ఆ గింజే, కొద్దిగా ఇస్తే అలసిన గుండెను సరిగ్గా కొట్టుకునేలా చేస్తుందని నచ్చజెప్పాను.

"ఆ కొద్ది ఎంతో తెలిసిందా?"

"ఇంకా లేదమ్మా. అది తేల్చడానికే ఈ గింజలు."

"తెలిసిందాకా ఎవురికీ పెట్టమాక," అని, సంచి మూతి ముడేసి, "నువ్వూ తినమాక," అంది.

తర్వాత నా దగ్గర పనిచేసిన కుర్ర డాక్టర్లు కొత్త మందు మోతాదు విషయంలో తొందరపడినప్పుడల్లా ఆ మొదటి మాటే చెప్పాను. రెండోది నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ రోజు నడికుడి వచ్చాక గానీ ఆమె సంచి ఇవ్వలేదు. దిగి, గురజాలకు తిరుగు బండి ఎప్పుడని ప్లాట్‌ఫారం మీద ఎవరినో అడుగుతోంది. గురజాల ఎప్పుడో దాటిపోయింది.